సబ్బు ఇంకా అరిగిపోలేదు

పోయిన వారం మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు కాంటీన్లో నా పక్కన కూర్చుని, చాయ్ తాగకుండా కప్పు వంకే చూస్తున్నాడు. ఏంటి సంగతి అంటే, "అన్నా, నన్ను సోప్ ప్రాజెక్టులో వేశారు. నా పని అయిపోయినట్టేనా?" అన్నాడు. వాడి బాధ చూస్తే జాలేసింది, నవ్వూ వచ్చింది. ఎందుకంటే నాలుగేళ్ళ క్రితం ఇదే కాంటీన్లో ఇదే ప్రశ్న మా లీడ్‌ని అడిగినవాణ్ణి నేనే :)

మన ఫీల్డులో సోప్ మీద పనిచేస్తున్నామని చెప్పుకోవడం ఒకరకమైన సిగ్గు. రెజ్యూమెలో మైక్రోసర్వీసులు, క్లౌడు, ఈ మధ్య ఏఐ, అన్నీ పైన బోల్డులో ఉంటాయి. సోప్ మాత్రం ఆఖరి పేజీలో ఆఖరి లైన్లో, కామాల మధ్య దాక్కుని ఉంటుంది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఏ టెక్నాలజీ అని అడిగే రోజులొచ్చాయి కాబట్టి అక్కడా చెప్పరు. నేనూ చెప్పలేదు. కానీ ఒక చిన్న సోప్ సర్వీసు మొదట్నుంచి చివరిదాకా సొంతంగా కట్టి, డిప్లాయ్ చేసి, దానివల్ల మా ఊళ్ళో తలెత్తుకోలేని పరిస్థితి తెచ్చుకుని, మళ్ళీ సరిచేసుకున్నాక నా అభిప్రాయం మారింది. అదే చెబుదామని ఇది రాస్తున్నా.

ముందు కొంచెం చరిత్ర. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 డబ్ల్యూత్రీసీ ప్రమాణంగా వచ్చింది 1998 ఫిబ్రవరిలో. డేవ్ వైనర్, డాన్ బాక్స్, ఇంకా మైక్రోసాఫ్ట్ వాళ్ళు కలిసి సోప్‌కి రూపం ఇచ్చింది కూడా ఆ సంవత్సరమే. అదే 1998లో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు పెట్టారు. నేను పుట్టిందీ అప్పుడే. అంటే సోపూ, కార్డూ, నేనూ ఒకే ఈడు వాళ్ళమన్నమాట. అందుకేనేమో దాన్ని ముసలిది అంటే నాకు కొంచెం గుచ్చుకుంటుంది.

తర్వాత 2000 మేలో సోప్ 1.1 డబ్ల్యూత్రీసీ నోటుగా వచ్చింది. 2001లో సర్వీసు వివరాలు రాసుకునే డబ్ల్యూఎస్‌డీఎల్ కూడా డబ్ల్యూత్రీసీ నోటుగా వచ్చింది. 2003 జూన్‌లో సోప్ 1.2 వచ్చేసరికి పేరులోని 'సింపుల్' అన్న మాటతో సహా ఆ పూర్తి పేరునే వదిలేశారు. అప్పటికి అది ఎంత సింపుల్‌గా మిగిలిందో వాళ్ళకీ అర్థమైనట్టుంది :)

ఇది అమెరికా కంపెనీల గొడవ, మనకేంటి అనుకోకండి. మన ఇళ్ళల్లోకీ వచ్చింది. 1999 డిసెంబరులో హైదరాబాదులో 'ట్విన్స్' పేరుతో ఒక ప్రయోగం చేశారు, అదే 2001లో ఈసేవ అయింది. కరెంటు బిల్లుకి ఒక లైను, నీళ్ళ బిల్లుకి ఒక లైను కాకుండా అన్నీ ఒకే కిటికీ దగ్గర. 2011 నవంబరులో మీసేవ మొదలైంది. ఇక్కడ బయటికి కనిపించేది ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. కానీ కులం సర్టిఫికెట్టు రెవెన్యూ వాళ్ళది, ఈసీ రిజిస్ట్రేషన్ వాళ్ళది, జనన ధృవీకరణ మునిసిపాలిటీదో పంచాయితీదో. ఒక్కో శాఖది ఒక్కో డేటాబేసు, ఒక్కో కాలం నాటి సాఫ్ట్‌వేరు, కట్టినవాళ్ళు వేరు, భాష వేరు. వీటన్నిటినీ పడగొట్టి ఒకటే కట్టడం ఎవరివల్లా కాదు. ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంచి, "ఈ ప్రశ్న ఇలా అడుగు, జవాబు ఇలా ఇస్తా" అని ఒప్పందం రాసుకోవడమే దారి. వెబ్ సర్వీసు అంటే ఇంతే.

2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలొచ్చాయి, 2025 జనవరిలో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలిచ్చే 'మన మిత్ర' వచ్చింది. ముందున్న ముఖం మారుతూనే ఉంది. వెనక శాఖకీ శాఖకీ మధ్య మాట్లాడుకునే ఆ మాట మాత్రం ఎప్పుడూ కావలసిందే.

ఇంకోటి. మా నందిగామ గాంధీ సెంటర్లో టీ తాగి ఫోనుతో స్కాన్ చేసి డబ్బులిస్తాం కదా, ఆ యూపీఐలో బ్యాంకుకీ ఎన్‌పీసీఐకీ మధ్య నడిచేవి ఎక్స్‌ఎమ్‌ఎల్ మెసేజీలే. సోప్ కాదు గానీ కోణాల బ్రాకెట్లే. ఆధార్ అథెంటికేషన్ కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్‌తోనే తయారైంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ చచ్చిపోయిందని వాదించి, వాదన గెలిచి, టీకి డబ్బులు ఎక్స్‌ఎమ్‌ఎల్‌తోనే కట్టి వెళ్తాం.

సరే, ఇక నా కథ.

మాది నందిగామ. ఒకప్పుడు కృష్ణా జిల్లా అనేవాళ్ళం, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. డెల్టా వాళ్ళు మమ్మల్ని మెట్ట వాళ్ళు అంటారు, నిజమే. పత్తి, మిర్చి, వీటితోపాటు సుబాబుల్. చందర్లపాడు, కంచికచర్ల వైపు వెళ్తే రోడ్డుకి రెండువైపులా సుబాబుల్ తోటలే. మిగతా పంటలు పోయినా ఇది నిలబడుతుందని వేస్తారు, మూడు నాలుగేళ్ళకి నరికి పేపరు మిల్లులకి తోలతారు. తోలేముందు తూకం. మా బాబాయికి చందర్లపాడు రోడ్డులో కాటా ఉంది. వేబ్రిడ్జి అని బోర్డు మీద ఉంటుంది గానీ అందరూ కాటా అనే అంటారు. పొద్దున ఖాళీ ట్రాక్టరు ఎక్కించి ఒక తూకం, కర్ర వేసుకొచ్చాక ఇంకో తూకం. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేది కర్ర బరువు. చీటీ ప్రింటు అవుతుంది, రైతు దాన్ని జేబులో పెట్టుకుని కర్ర కొనే డీలరు దగ్గరికి వెళ్తాడు.

ఆ డీలరు తన ఆఫీసులో ఏదో లెక్కల ప్యాకేజీ పెట్టుకున్నాడు. చీటీల్లో అంకెలు మళ్ళీ కొట్టుకోవడం దండగని, కాటా నుంచే నేరుగా రావాలన్నాడు. ప్యాకేజీ వాళ్ళని అడిగితే "డబ్ల్యూఎస్‌డీఎల్ ఇవ్వండి, మేం పిలుచుకుంటాం" అన్నారట. బాబాయి నాకు ఫోన్ చేసి, "ఏరా, డబ్ల్యూ ఏదో కావాలంట, నీకు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. అక్కడే మొదలైంది.

నిజం చెప్పాలంటే నాకు తెలిసింది వేరేవాళ్ళు ఎప్పుడో కట్టిన సర్వీసులో ఒక ఫీల్డు కలపడం, టెస్ట్ చేయడం, టికెట్ మూసేయడం. మొదట్నుంచి కట్టింది ఎప్పుడూ లేదు. మనలో చాలామందిది ఇదే పరిస్థితి, ఒప్పుకుంటే తప్పులేదు.

కట్టడం మాత్రం ఆశ్చర్యంగా తేలిక. ఒక జావా క్లాసు, దాని నెత్తిన 'వెబ్‌సర్వీస్' అనే అనొటేషన్. లోపల రెండు మెథడ్లు: ఒకటి చీటీ నమోదు చేసేది, ఇంకోటి చీటీ నెంబరిస్తే వివరాలు చెప్పేది. మెయిన్‌లో ఎండ్‌పాయింట్‌ని పబ్లిష్ చేసే లైను ఒకటి. రన్ చేసి, బ్రౌజర్లో అడ్రసు చివర ప్రశ్నార్థకం పెట్టి డబ్ల్యూఎస్‌డీఎల్ అని కొడితే ఒప్పందం మొత్తం ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ప్రత్యక్షం. అటువైపు వాడు 'డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్' అనే పనిముట్టుకి ఆ అడ్రసిస్తే వాడికి కావలసిన క్లాసులన్నీ అదే రాసి పెడుతుంది. నా ల్యాప్‌టాప్‌లో జావా 8 మీద అరగంటలో అయిపోయింది. దీనికా ఇంత భయపడ్డాం అనుకున్నా.

కట్టడం అరగంట. డిప్లాయ్ చేయడం నాలుగు రాత్రులు.

మొదటి రాత్రి: అద్దె సర్వర్లో జావా 17 వేశా. కంపైలే కాలేదు, ఆ ప్యాకేజీయే లేదంది. సంగతేంటంటే ఈ జాక్స్-డబ్ల్యూఎస్‌ని 2006 డిసెంబరులో జావా 6 లోపలే కలిపేశారు. 2017లో జావా 9 వచ్చినప్పుడు "దీన్ని తీసేస్తాం" అని హెచ్చరించారు. 2018 సెప్టెంబరులో జావా 11లో నిజంగానే తీసేశారు. నెట్‌లో దొరికే పాఠాలు మాత్రం చాలావరకు జావా 6, 7 కాలంనాటివి. అవి చదివి "ఇది పనిచెయ్యట్లేదు, కాబట్టి సోప్ చచ్చిపోయింది" అనుకునేవాళ్ళు బోలెడు. చావలేదు, ఉమ్మడి ఇంట్లోంచి వేరు కాపురం పెట్టింది, అంతే. మేవెన్‌లో మెట్రో లైబ్రరీని విడిగా తగిలిస్తే మళ్ళీ మామూలే.

రెండో రాత్రి: వార్ ఫైలు చేసి టామ్‌క్యాట్ 10లో పడేశా. మళ్ళీ క్లాసు దొరకలేదు. ఈసారి పేరు గొడవ. ఒరాకిల్ జావా ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌ని ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతికిచ్చింది గానీ 'జావాఎక్స్' అన్న పేరుతో కొత్తగా పెంచుకునే హక్కు ఇవ్వలేదు. దాంతో 2020లో ప్యాకేజీల పేర్లన్నీ 'జకార్తా' అని మార్చుకున్నారు. టామ్‌క్యాట్ 9 దాకా పాత పేరు, 10 నుంచి కొత్త పేరు. నా మెట్రో పాతది, టామ్‌క్యాట్ కొత్తది. ఒకే మనిషి, ఇంటిపేరు మారింది, అంతమాత్రాన గుమ్మంలోకి రానివ్వరు. ఈ పేరు మార్పు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

మూడో రాత్రి: అన్నీ నడుస్తున్నాయి, కానీ డీలరు ప్యాకేజీ పిలవలేకపోతోంది. సర్వర్ ముందు ఎన్‌జింక్స్ పెట్టి హెచ్‌టీటీపీఎస్ అక్కడే చూసుకుంటున్నా కదా, వెనకున్న టామ్‌క్యాట్‌కి ఆ సంగతి తెలియదు. డబ్ల్యూఎస్‌డీఎల్ చివర్లో సర్వీసు అడ్రసు రాసేటప్పుడు మామూలు హెచ్‌టీటీపీ అని రాసేస్తోంది. అవతలివాడు ఒప్పందంలో ఉన్న అడ్రసునే నమ్మి అక్కడికి పోయి మూసిన తలుపు కొడుతున్నాడు. మనం చెప్పుకునే అడ్రసు మన లోపలి అడ్రసు కాదు, బయటివాడు రాగలిగే అడ్రసు అయ్యుండాలి. ఇది ఏ కాలేజీలోనూ చెప్పరు.

నాలుగో రాత్రి: టైము. కాటా రాత్రంతా నడుస్తుంది. మన టైములో రాత్రి పన్నెండు నుంచి తెల్లారి ఐదున్నర మధ్య తూచినవన్నీ డీలరు దగ్గర ముందు రోజు తేదీతో కనిపిస్తున్నాయి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, నేను తేదీని టైమ్‌జోన్ లేకుండా పంపుతున్నా. ఎక్స్‌ఎమ్‌ఎల్ స్కీమాలో తేదీ-సమయం రకానికి చివర ప్లస్ ఐదున్నర అని రాసే వీలుంది, రాయకపోయినా ఊరుకుంటుంది. ఊరుకుంది కదా అని నేనూ ఊరుకున్నా. రాయాలి.

సరే, అన్నీ సర్దుకున్నాయి. రెండు నెలలు బాగా నడిచింది. బాబాయి కాటాకి వచ్చినవాళ్ళందరికీ "మా అన్న కొడుకు చేశాడు" అని చెప్పుకున్నాడు. నేను కాలరెగరేశా.

అప్పుడు చేశా అసలు పని.

చీటీలో ఖాళీ బండి బరువుకి నేను పెట్టిన ఫీల్డు పేరు ఉత్త 'ఖాళీ'. డీలరు ప్యాకేజీ కుర్రాడు ఫోన్ చేసి, "ఖాళీ అంటే బండి ఖాళీగా ఉందా లేదా అనా? అంకె వస్తోందేంటి?" అన్నాడు. నిజమే కదా, పేరు బాలేదు. ఆ రాత్రే 'ఖాళీబరువు' అని మార్చా. ఎడిటర్లో కుడి క్లిక్కు, రీనేమ్, బిల్డు, డిప్లాయ్. పది నిమిషాలు. ప్యాకేజీ వాళ్ళు కొత్త డబ్ల్యూఎస్‌డీఎల్ తీసుకుని వాళ్ళ వైపు మార్చుకున్నారు. ఇక కాటా దగ్గరున్న కంప్యూటరు. అందులో పాత డబ్ల్యూఎస్‌డీఎల్‌తో తయారైన నా క్లయింటు జార్ ఉంది. దాన్ని మార్చడం మర్చిపోయా.

ఏం జరగాలి? ఏదో ఎర్రరు రావాలి. నేనూ అదే అనుకునేవాణ్ణి. రాలేదు. కాటా కంప్యూటరు 'ఖాళీ' అని పంపింది. సర్వరు "ఈ పేరు నాకు తెలియదు" అని నోరెత్తకుండా దాన్ని పక్కన పడేసింది. తనకి కావలసిన 'ఖాళీబరువు' రాలేదు, అయినా అడగలేదు. జావాలో అది ఇంట్ రకం, విలువ రాకపోతే సున్నా. అంటే ట్రాక్టరు బరువు సున్నా. నిండు బండి 7,480 కిలోలు, ఖాళీ బండి 2,360 కిలోలైతే కర్ర 5,120 కిలోలు ఉండాలి. డీలరు స్క్రీన్ మీద మాత్రం 7,480 కిలోల కర్ర. ట్రాక్టరు, ట్రైలరు కూడా కర్రే అన్నమాట!

ఆ రోజు మూడు బళ్ళు అలా పోయాయి. డీలరు గుమాస్తాకి అనుమానమొచ్చింది. రైతు తెచ్చిన చీటీలో ఒక అంకె, స్క్రీన్ మీద ఒక అంకె. ఏది నిజం? వాడికి తెలియదు. ముగ్గురి డబ్బులూ ఆపేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది, "కాటా వాడు రెండు లెక్కలు నడుపుతున్నాడు" అన్న మాట బయటికొచ్చింది.

పల్లెటూళ్ళో కాటా అంటే ఏంటో తెలియనివాళ్ళకి ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు. కాటాకి ఉన్న ఆస్తి ఆ ఇనప ప్లాట్‌ఫారం కాదు, నమ్మకం. తూకంలో తేడా అన్న మాట ఒక్కసారి పుడితే బళ్ళు నోరెత్తకుండా పక్క కాటాకి వెళ్ళిపోతాయి. సంక్రాంతి ముందు రోజులు. నాకు ఫోన్ వచ్చింది, ఎల్బీనగర్లో బస్సెక్కి తెల్లారేసరికి నందిగామలో దిగా.

వెళ్ళేసరికి ఆ ముగ్గురిలో ఒక పెద్దాయన కాటా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూపించి బాబాయి ఏదో చెప్పబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టి నాతో అన్నాడు: "బాబూ, కంప్యూటరు తప్పు చెబితే కంప్యూటర్ని ఆపాలి గానీ, నా డబ్బులు ఆపారేంది?"

నేను చదివిన నాలుగేళ్ళ ఇంజనీరింగులో ఇంతకంటే మంచి డిజైన్ సూత్రం ఎవరూ చెప్పలేదు. తప్పు జరిగినప్పుడు ఎవరు ఆగాలి? మెసేజి ఆగాలి. మనిషి ఆగకూడదు. తప్పు మెసేజిని గుమ్మంలోనే "ఇందులో ఖాళీబరువు లేదు, తీసుకోను" అని వెనక్కి తోసి ఉంటే, ఆ ఎర్రరు కాటా కంప్యూటరు మీద ఆ నిమిషంలోనే కనిపించేది, నేను తిట్లు తిని సరిచేసేవాణ్ణి. బుద్ధిమంతుడిలా లోపలికి రానిచ్చి సున్నా వేసుకోవడం వల్ల శిక్ష ఆయనకి పడింది.

అదృష్టం ఏంటంటే వచ్చిన ప్రతి మెసేజినీ నేను ఫైల్లో దాచి ఉంచా. ఆ మూడు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లు ప్రింటు తీసి, డీలరు దగ్గరికి తీసుకెళ్ళి, వేలు పెట్టి చూపించా. ఇదిగో నిండు బరువు, ఇదిగో ఖాళీ, కాటా నుంచి 2,360 అని సరిగ్గానే వచ్చింది, పారేసింది నా ప్రోగ్రాము. కంప్యూటర్లంటే పెద్దగా పరిచయం లేని ఆ గుమాస్తా కోణాల బ్రాకెట్ల మధ్య అంకె చదివి, చీటీతో పోల్చుకుని తలూపాడు. సోప్ మెసేజి లావుగా ఉంటుంది, వాగుడెక్కువ అని మనం వెక్కిరిస్తాం కదా. ఆ రోజు ఆ వాగుడే మా బాబాయికి సాక్ష్యం చెప్పింది. సాయంత్రానికి ముగ్గురికీ డబ్బులొచ్చాయి.

బాబాయి నన్నేమీ తిట్టలేదు. రాత్రి భోజనాల దగ్గర ఒక్కటే అడిగాడు: "ఏరా, నువ్వు పేరు మారిస్తే మాకు చెప్పొద్దా?"

చెప్పాలి. మొత్తం వెబ్ సర్వీసుల శాస్త్రం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఇప్పుడు నా అభిప్రాయం. ఇది సోప్ తప్పా? కాదు. ఇదే పని రెస్ట్‌లో జేసన్‌తో చేసి ఉన్నా ఇలాగే జరిగేది. స్ప్రింగ్ బూట్ కూడా మామూలుగా తెలియని పేరుని వదిలేస్తుంది, రాని ఇంట్‌కి సున్నా ఇస్తుంది. తేడా ఎక్కడంటే, సోప్‌లో ఒప్పందం అప్పటికే రాసి ఉంది. నా డబ్ల్యూఎస్‌డీఎల్‌లోని స్కీమాలో 'ఖాళీబరువు' తప్పనిసరి అనే ఉంది. కానీ వచ్చే మెసేజిని ఆ స్కీమాతో సరిచూడమని సర్వరుకి విడిగా చెప్పాలి, దానంతటది చూడదు. మెట్రోలో అయితే క్లాసు నెత్తిన 'స్కీమావ్యాలిడేషన్' అని ఇంకో అనొటేషన్. ఒక్క లైను. చెరువుకి గట్టు వేసుకుని తూము మూయడం మర్చిపోయినట్టు, ఒప్పందం రాసుకుని అమలు చేయడం మర్చిపోయా.

రెండో తప్పు ఇంకా లోతైంది. నేను కోడు ముందు రాసి, దానిలోంచి ఒప్పందం పుట్టించా. దాంతో ఒప్పందం నా కోడుకి తోక అయిపోయింది. నేను లోపల ఒక పేరు మారిస్తే బయట ఊళ్ళవాళ్ళందరితో చేసుకున్న మాట మారిపోతోంది. ప్యాకేజీ పేరు మార్చినా అంతే, నేమ్‌స్పేసు దానిలోంచే పుడుతుంది కాబట్టి. అందుకే రెండోసారి తిరగరాశా. ముందు డబ్ల్యూఎస్‌డీఎల్, స్కీమా చేత్తో రాసుకుని, దానిలోంచి జావా పుట్టించా. ఇప్పుడు నేను లోపల ఏం పేరు మార్చుకున్నా బయట మాట కదలదు. బరువులన్నీ పూర్ణాంకాల్లో, కిలోల్లో, ఆ సంగతి పేరులోనే ఉండేలా. ఖాళీ బరువు సున్నా కంటే ఎక్కువుండాలని స్కీమాలోనే నియమం. చీటీ నెంబరు మళ్ళీ వస్తే కొత్తగా నమోదు చేయకుండా పాత జవాబే ఇవ్వడం, ఎందుకంటే మా దగ్గర కరెంటు, నెట్టు పోయి వచ్చినప్పుడు అదే మెసేజి రెండుసార్లు రావడం మామూలే. ఏదైనా మార్చాలంటే పాత అడ్రసు అలాగే ఉంచి కొత్త వెర్షను పక్కన పెట్టడం. జావాఎక్స్‌ని జకార్తా చేసినప్పుడు నేను తిట్టుకున్నా కదా? వాళ్ళు కనీసం కొత్త వెర్షను నెంబరేసి, అందరికీ చెప్పి మార్చారు. నేను అదీ చెయ్యలేదు.

"అయితే కొత్త ప్రాజెక్టులన్నీ సోప్‌లో చేద్దామంటావా?" అంటారా? అనను. సోప్ చేసుకున్న పాపాలు చాలా ఉన్నాయి. భద్రతకొకటి, నమ్మకమైన డెలివరీకొకటి, లావాదేవీలకొకటి అని పేరు ముందు డబ్ల్యూఎస్ తగిలించి డజన్ల కొద్దీ ప్రమాణాలు పుట్టించారు. ప్రపంచంలోని సర్వీసులన్నిటికీ ఒక డైరెక్టరీ అని యూడీడీఐ పెట్టారు, 2006 జనవరిలో ఐబీఎమ్, మైక్రోసాఫ్ట్, శాప్ ముగ్గురూ తమ పబ్లిక్ రిజిస్ట్రీలు మూసేసుకున్నారు. గూగుల్ కూడా తన సోప్ సెర్చి ఏపీఐకి 2006 చివర్లోనే కొత్త కీలివ్వడం ఆపేసింది. మొబైల్ యాప్‌కీ, బ్రౌజరుకీ జేసనే హాయి. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన థీసిస్‌లో రెస్ట్ గురించి రాసింది ఊరికే గెలవలేదు.

కానీ ఒకటి గమనించండి. సోప్‌ని వదిలి పారిపోయినవాళ్ళం ఒప్పందం లేకుండా ఎంతోకాలం ఉండలేకపోయాం. స్వాగర్ అన్నాం, అది ఓపెన్ ఏపీఐ అయింది. 2015లో జీఆర్‌పీసీ వచ్చింది, ముందు ప్రోటో ఫైలు రాయి అంది. గ్రాఫ్‌క్యూఎల్ ముందు స్కీమా రాయి అంది. అన్నీ తిరిగి తిరిగి చెప్పేది ఒకటే: ముందు మాట ఇవ్వు, తర్వాత కోడు రాయి. డబ్ల్యూఎస్‌డీఎల్ చెప్పింది కూడా అదే, కాకపోతే కోణాల బ్రాకెట్లతో, చదవలేనట్టు చెప్పింది.

మరి మనవాళ్ళలో చాలామందికి అన్నం పెట్టేది ఏంటి? బ్యాంకులు, ఇన్సూరెన్సు, టెలికాం, విమానాల రిజర్వేషన్లు. అక్కడ ఇరవయ్యేళ్ళ నాటి సోప్ సర్వీసులు ఇప్పటికీ రోజూ పనిచేస్తున్నాయి. వాటిని చూసుకునేవాళ్ళని మెయింటెనెన్స్ బ్యాచ్ అని చిన్నచూపు చూస్తాం. కొత్త పాత్ర తయారుచేసేవాడికి ఉన్న గౌరవం, ఉన్న పాత్రకి మాట్లు వేసేవాడికి లేదు. కానీ ఆ సర్వీసు అవతల ఎక్కడో ఒక అరుగు మీద డబ్బుల కోసం ఎదురుచూస్తున్న మనిషి ఉంటాడు. ఆయన భాష తెలుగే కానక్కర్లేదు. టెక్సాస్‌లో క్లెయిము కోసం ఎదురుచూస్తున్న ముసలావిడ కావచ్చు. ఆమెకి మనం పంపింది సోపా, రెస్టా అన్నది అనవసరం. ఇచ్చిన మాట నిలబడిందా లేదా, అంతే.

అందుకని మా కుర్రాడికి చెప్పా. "నీ పని అయిపోలేదు రా, ఇప్పుడే మొదలైంది. ఒక శనివారం కూర్చో. ఒక చిన్న సోప్ సర్వీసు నువ్వే కట్టు, జావా కొత్త వెర్షన్లోనే కట్టు. టామ్‌క్యాట్‌లో వేసి వేరే మెషీన్ నుంచి పిలువు. తర్వాత కావాలని ఒక ఫీల్డు పేరు మార్చి, క్లయింటుని మార్చకుండా వదిలెయ్. సున్నా వస్తుంది చూడు. ఆ సున్నాని ఒకసారి కళ్ళారా చూశాక నువ్వు ఏ టెక్నాలజీలో పనిచేసినా పరవాలేదు." వాడు సరేనన్నాడు. చేస్తాడో లేదో తెలియదు, చాయ్ మాత్రం తాగాడు.

బాబాయి కాటా ఇప్పటికీ నడుస్తోంది, సర్వీసూ నడుస్తోంది. "మా అన్న కొడుకు చేశాడు" అని మళ్ళీ చెప్పుకోవడం మొదలుపెట్టాడని పిన్ని చెప్పింది. కాకపోతే ఇప్పుడు బాబాయి ప్రతి పదో చీటీకి డీలరుకి ఫోన్ చేసి, "మీ దగ్గర ఎంత పడింది?" అని అడిగి, చీటీతో సరిచూసుకుంటున్నాడు. నేను రాసిన వ్యాలిడేషన్ కంటే నాకు దాని మీదే నమ్మకం ఎక్కువ :)

మీలో ఎవరైనా సోప్ మీద పనిచేస్తూ బయటికి చెప్పుకోలేకపోతుంటే, ఇక్కడ ధైర్యంగా చెప్పెయ్యండి. ఇక్కడ సంబంధాలు ఎవరూ చూడరు. మీకు ఇలాంటి సున్నా ఎప్పుడైనా ఎదురైతే అదీ చెప్పండి, వింటాను.